వ్యాపారానికి ఒక గుమ్మం, ఇంటికి ఒక గుమ్మం

మీరు అడిగినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. రెండేళ్లుగా ఇళ్ల లోపలి అలంకరణ పనులు చేసే చిన్న సంస్థ నడుపుతున్నారు. ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ మీ సొంత ఖాతాల్లోనే పనుల ఫొటోలు పెడుతున్నారు. వాట్సాప్‌కు ఒకటే నంబరు. చుట్టాలు, కలిసి చదువుకున్నవాళ్లు, కస్టమర్లు, సరుకు ఇచ్చేవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. తమ్ముడి స్నేహితుడు సంస్థ పేరుతో ఒక పేజీ తెరిచి పెట్టాడు గానీ దాన్ని మీరు పెద్దగా వాడటం లేదు. ఇప్పుడు ఇంటినీ వ్యాపారాన్నీ విడదీయాలని ఉంది, కానీ మిమ్మల్ని చూసి వచ్చేవాళ్లు ఉత్త పేజీని చూసి వస్తారా అన్న భయం మీకు పట్టుకుంది.

విడదీయండి, తప్పకుండా. అయితే ఆ భయంతోనే చాలామంది గీతను తప్పు చోట గీస్తారు. తమ పేరు, ముఖం, మాట వ్యాపారంలో ఎక్కడా కనపడకుండా తుడిచేసి సంస్థ గుర్తు వెనక దాక్కుంటారు. ఖాతాల తాళంచెవులు మాత్రం ఎవరి దగ్గరో వదిలేస్తారు. చేయాల్సింది దీనికి తలకిందులు. వ్యాపార పేజీలో మీరు మనిషిగా కనిపించండి. ఖాతాలు, నంబర్లు, వాటిలోకి రాగలిగే మనుషులు మాత్రం వేరువేరుగా ఉండాలి.

నేను పదహారేళ్లుగా ఫర్నిచర్ తయారీలో ఉన్నాను. మొదటి ఆరేళ్లు మీలాగే ఒక్క ఖాతాతో నెట్టుకొచ్చాను. ఒకసారి మా అమ్మాయి పుట్టినరోజు నాడు, కొత్త సైకిలు మీద కూర్చున్న ఫొటో పెట్టాను. మొదటి కామెంటు మా అత్తగారిది, ఆశీస్సులు. రెండోది అమ్మాయికి పాఠాలు చెప్పే టీచరుది. మూడోది ఒక కస్టమర్‌ది: "పాప బాగుంది. మా బల్ల ఎప్పుడు పంపిస్తారు? చెప్పిన తేదీ దాటి పదకొండు రోజులయింది." దాని కింద నాకు ముఖపరిచయం కూడా లేని ఇంకొకాయన, "వీరి దగ్గర ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగారు.

ఆ కస్టమర్‌ది తప్పు కాదు. ఆలస్యం నాదే, అడగడానికి ఆయనకు నేను చూపించిన చోటు కూడా అదొక్కటే. కానీ సాయంత్రం అమ్మాయి అమ్మమ్మ ఫోనులో అది చదివి, "నాన్నా, ఈయనకు నా మీద కోపం వచ్చిందా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక ఆ కామెంటు తీసేశాను. అది రెండో తప్పయింది. ఫిర్యాదును దాచేస్తున్నానని ఆయన అనుకున్నారు, ఆయన స్థానంలో నేనున్నా అదే అనుకునేవాణ్ని. బల్ల ఇచ్చి క్షమాపణ చెప్పి వచ్చాక, ఆ వారంలోనే ఖాతాలు విడదీయడం మొదలుపెట్టాను. వ్యాపారం పెట్టింది నేను. మంచి పేరు వచ్చినా మాట పడినా అది నాకు రావాలి. నా కూతురు ఫొటో కింద దాని లెక్కలు తేలకూడదు.

ఇదే మాట కస్టమర్ల వైపు నుంచి కూడా ఆలోచించండి. మీ వృత్తిలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీరు జనం ఇళ్లలోకి, పడకగదుల్లోకి వెళ్లి పనిచేస్తారు. సగం పూర్తయిన గది ఫొటో మీ సొంత ఫోనులో, సొంత ఖాతాలో ఉన్నంతకాలం అది ఏ రోజో చుట్టాల గ్రూపులోకి వెళ్తుంది. గోడ మీద వాళ్ల పిల్లల ఫొటో ఉంటుంది, కిటికీలోంచి ఎదుటి భవనం కనిపిస్తుంది, బల్ల మీద ఇంటి చిరునామా రాసి ఉన్న కవరు ఉంటుంది. ఫొటో పెట్టే ముందు ఇంటివాళ్లను అడగండి. ఆ అంగీకారం ఒక మెసేజి రూపంలో అయినా సరే, రాతలో ఉండాలి. ఇంకో చిన్న సంగతి. ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫొటో తీసిన చోటు వివరాలు ఆ ఫైలులోనే నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి తొలగిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్లిపోతాయి. పనిచోట తీసే ఫొటోలకు ఆ లొకేషన్ ఆపేసి ఉంచడం మేలు.

ఇక తాళంచెవుల సంగతి. అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను.

ఫేస్‌బుక్ వ్యాపారాల కోసం పేజీలను 2007 నవంబరులో తెచ్చింది. వ్యక్తిగత ప్రొఫైల్‌కు 5,000 మంది స్నేహితుల దగ్గర హద్దు ఉంటుంది, పేజీని ఎంతమందైనా అనుసరించవచ్చు. అయితే చాలామంది గమనించని విషయం ఒకటుంది. పేజీ గాలిలో ఉండదు. దాన్ని నడిపేది ఎవరో ఒకరి వ్యక్తిగత ఖాతా. చూడటానికి వచ్చేవాళ్లకు ఆ పేరు కనపడదు గానీ, లోపల తాళం వేసేదీ తీసేదీ ఆ ఖాతానే. ఆ మనిషి ఖాతా హ్యాక్ అయినా, నిబంధనల పేరుతో నిలిచిపోయినా, లేదా ఆయనకు మీమీద మనసు విరిగినా, మీ పేజీలోకి మీకే దారి ఉండదు. మీ తమ్ముడి స్నేహితుడు ఎంత మంచివాడన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అతని పాస్‌వర్డు ఎంత గట్టిదో మీకు తెలుసా?

అందుకని పేజీ మీద పూర్తి నియంత్రణ ఇద్దరి చేతిలో ఉండాలి. మొదటివారు మీరు. రెండోవారు మీ జీవిత భాగస్వామో, వ్యాపార భాగస్వామో, ఎవరైనా రేపు మీరు ఆసుపత్రిలో ఉన్నా నడిపించగలిగినవారు. పూర్తి నియంత్రణ ఉన్నవారు మిగతావాళ్లను తీసేయగలరు, మిమ్మల్ని కూడా. కాబట్టి ఆ ఇద్దరికి మించి ఎవరికీ ఇవ్వకండి. పోస్టులు పెట్టేవారికి, మెసేజీలకు జవాబిచ్చేవారికి ఆ పని వరకే అనుమతి ఇచ్చే వీలుంది. పాస్‌వర్డు చెప్పడం మాత్రం ఎప్పుడూ వద్దు, ఎంత నమ్మకస్తులకైనా సరే. మనిషి మారినప్పుడు అనుమతి తీసేయడం అర నిమిషం పని. పాస్‌వర్డు పదిమందికి చెప్పుకున్నాక అది ఎవరి దగ్గర ఉందో కనిపెట్టలేం.

వ్యాపారానికి విడిగా ఒక ఈమెయిల్ తెరిచి, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ వ్యాపార ప్రొఫైల్, ప్రకటనల ఖాతా, వెబ్‌సైటు పేరు నమోదు అన్నీ దాని మీదకు తెండి. రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడు కూడా అడిగే ఏర్పాటు, పెట్టండి. ఎస్సెమ్మెస్ కంటే, ఫోనులో కోడు తయారుచేసే యాప్ నయం, ఎందుకంటే మోసగాళ్లు మీ నంబరుకు ఇంకో సిమ్ తీసుకుంటే ఎస్సెమ్మెస్ వాళ్లకే పోతుంది. ఫోను పోతే ఖాతాలోకి రావడానికి ఇచ్చే అత్యవసర కోడ్‌లను కాగితం మీద రాసి, దస్తావేజులు పెట్టుకునే చోట పెట్టండి.

ఖాతా ఎవరిదన్న తగాదా కోర్టు దాకా వెళ్లిన సందర్భం ఒకటి చెప్తాను. అమెరికాలో ఫోన్‌డాగ్ అనే మొబైల్ సమీక్షల సంస్థలో పనిచేసిన ఒకాయన 2010లో ఉద్యోగం మానేశాడు. సంస్థ పేరు కలిసి ఉన్న ట్విటర్ ఖాతాకు తన పేరు పెట్టుకుని వెంట తీసుకెళ్లాడు. దానికి దాదాపు 17,000 మంది ఫాలోవర్లు. మరుసటి ఏడాది సంస్థ దావా వేసి, ఒక్కో ఫాలోవరుకు నెలకు 2.50 డాలర్ల చొప్పున ఎనిమిది నెలలకు 3,40,000 డాలర్లు కోరింది. చివరికి 2012లో రాజీ కుదిరింది, ఖాతా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ ఖాతా ఎవరిదో మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకుని ఉంటే అంత దూరం వెళ్లేది కాదు. మీ దగ్గర ఇద్దరే పనిచేస్తున్నా సరే, సంస్థ పేరుతో ఉన్న ఖాతాలన్నీ సంస్థవే అని ఉద్యోగ పత్రంలో ఒక వాక్యం చేర్చండి. చేతులు కాలాక పట్టుకునే ఆకులు ఇక్కడ దొరకవు.

ఫోను నంబరు దగ్గరకు వద్దాం. రోజువారీ ప్రశాంతతను తినేసేది ఇదే.

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది. మామూలు వాట్సాప్‌తో పాటు అదే ఫోనులో పెట్టుకోవచ్చు, కాకపోతే రెండింటికీ వేరే నంబర్లు కావాలి. కొత్త నంబరు తీసుకున్న ప్రతివారూ చేసే పని, దాన్ని వ్యాపారానికి ఇచ్చి పాతదాన్ని ఇంటికి ఉంచుకోవడం. నేనూ అదే చేసి నాలుగు నెలలు అవస్థ పడ్డాను. పాత నంబరు ఇప్పటికే కస్టమర్ల చేతుల్లో, మీ కార్డుల మీద, మీ బోర్డు మీద ఉంది. కొత్త నంబరు సంగతి వందలమందికి చెప్పడం కంటే, ఇంట్లోవాళ్లకూ దగ్గరివాళ్లకూ చెప్పడం తేలిక. కాబట్టి పాత నంబరును వ్యాపారానికి వదిలేయండి, కొత్తది ఇంటికి తెచ్చుకోండి. పాత నంబరును బిజినెస్ యాప్‌లోకి మార్చుకునేటప్పుడు సంభాషణలు కూడా వెంట తెచ్చుకోవచ్చు. బ్యాంకు, ఈమెయిల్ వంటివి ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి గనుక, వాటిని తీరిగ్గా కొత్తదానికి మార్చేవరకు ఆ సిమ్ ఉన్న ఫోను ఉద్యోగి చేతికి ఇవ్వకండి.

ఆ యాప్‌లో పనివేళలు పెట్టే చోటు ఉంది, మీరు లేనప్పుడు తనంతట తాను జవాబిచ్చే సదుపాయం ఉంది. దాన్ని వాడటానికి మొహమాటపడకండి. నేను పెట్టుకున్న జవాబు ఇది: "మీ సందేశం అందింది. ఉదయం తొమ్మిదిన్నరకు చూసి, మధ్యాహ్నంలోపు జవాబిస్తాను. ఈలోగా ఏదైనా విరిగి ప్రమాదంగా ఉంటే ఈ నంబరుకు కాల్ చేయండి." కస్టమర్‌కు కావలసింది అర్ధరాత్రి జవాబు కాదు, ఎప్పుడు జవాబు వస్తుందన్న భరోసా. రాత్రి పదకొండు గంటలకు రెండుసార్లు జవాబిచ్చారంటే మూడోసారి ఇవ్వకపోవడం తప్పుగా కనపడుతుంది. మొదటి రెండుసార్లు మీరే అలవాటు చేశారు మరి.

స్టేటస్ ఎవరికి కనపడాలో ఎంచుకునే వీలు రెండు యాప్‌లలోనూ ఉంది. ఇంటి నంబరున్న ఫోనులో కస్టమర్ల నంబర్లను సేవ్ చేసుకోకపోతే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇక్కడొక మెలిక. మీ ఫోనులోని నంబర్ల పుస్తకాన్ని ఫేస్‌బుక్‌కు, ఇన్‌స్టాగ్రామ్‌కు చూపించే అనుమతి ఇచ్చి ఉంటే, మీరు ఎంత విడదీసినా మీ సొంత ఖాతా కస్టమర్లకు "మీకు తెలిసి ఉండవచ్చు" అంటూ ఎదురుపడుతూనే ఉంటుంది. రెండు చోట్లా ఆ అనుమతి తీసేసి, ఇదివరకు పంపిన నంబర్ల జాబితాను తొలగించండి. మీ ప్రొఫైల్‌ను నంబరుతో ఎవరు వెతకగలరన్న సెట్టింగును కూడా కుదించండి.

అయినా స్నేహ అభ్యర్థనలు వస్తాయి. మంచి కస్టమర్ ఆప్యాయంగా పంపిన అభ్యర్థనను కాదనడం కష్టమే. నేను ఊరుకోను, రెండు ముక్కలు రాస్తాను: "ఆ ఖాతాలో మా ఇంట్లోవాళ్ల వరకే ఉంచుకున్నానండీ. నా పని, నా కబుర్లు అన్నీ పేజీలో పెడుతుంటాను, అక్కడ తప్పకుండా కలుద్దాం." ఇన్నేళ్లలో ఎవరూ నొచ్చుకోలేదు. మౌనంగా వదిలేసినప్పుడే నొచ్చుకున్నారు. కస్టమర్ నిజంగా స్నేహితుడైపోయిన సందర్భాలు నాకూ ఉన్నాయి. అప్పుడు ఇంటి ఖాతాలోకి రానిస్తాను, వాళ్లతో పని మాటలు మాత్రం వ్యాపార నంబరులోనే మాట్లాడతాను.

మీ అసలు భయానికి వస్తాను. పేజీని చూసి ఎవరూ రారేమోనని కదా. పేజీ ఉత్తగా ఉంటే నిజంగానే రారు. కానీ దాన్ని ఉత్తగా ఉంచమని ఎవరన్నారు? మీరు గోడ కొలుస్తున్న ఫొటో, ఒక రంగు ఎందుకు నప్పలేదో మీ గొంతుతో చెప్పే నిమిషం వీడియో, చేసిన పొరపాటును ఎలా సరిదిద్దారన్న నాలుగు వాక్యాలు, ఇవన్నీ మీరే. నా పేజీలో ఎక్కువమంది చదివినది, తేమ ఆరని కలపతో చేసిన అల్మరా తలుపు మూడు నెలలకు ఎలా వంగిపోయిందో, దాన్ని నా ఖర్చుతో ఎలా మార్చానో రాసిన పోస్టు. అందులో మా ఇల్లు లేదు, మా అమ్మాయి లేదు, నేను మాత్రం నిండా ఉన్నాను. ఏది ఎక్కడ పెట్టాలని తేల్చుకోలేనప్పుడు నేను ఒకటే చూసుకుంటాను. దీని కింద ఒక కోపంగా ఉన్న కస్టమర్ కామెంటు పెడితే ఆ కామెంటు అక్కడ ఉండవచ్చా? ఉండవచ్చనిపిస్తే పేజీలో పెడతాను, వద్దనిపిస్తే ఇంటి ఖాతాలో.

ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాను ప్రైవేటుగా ఉంచడం కుదరదు. మీ ప్రస్తుత ఖాతాను అలాగే వ్యాపార ఖాతాగా మార్చేద్దామనుకుంటే ఇది గుర్తుంచుకోండి, అందులో ఉన్న కుటుంబ ఫొటోలన్నీ లోకానికి తెరుచుకుంటాయి. సొంత ఖాతాను ప్రైవేటుగా ఉంచి, వ్యాపారానికి కొత్తది తెరవడమే మంచిది. ఒకే యాప్‌లో ఒకటికంటే ఎక్కువ ఖాతాలను మార్చుకుంటూ వాడుకోవచ్చు.

ఆ సౌకర్యమే ఒక ప్రమాదం కూడా. 2011 ఫిబ్రవరిలో అమెరికన్ రెడ్‌క్రాస్ ఉద్యోగి ఒకరు తన సొంత ఖాతా అనుకుని, మద్యం తాగడం గురించిన సరదా మాటను సంస్థ ట్విటర్ ఖాతాలో పెట్టేశారు. రెండు ఖాతాలూ ఒకే సాధనంలో ఉన్నాయి. సంస్థ ఆ ట్వీటు తీసేసి, జరిగింది దాచకుండా తేలికైన మాటలతో ఒప్పుకుంది, జనం మన్నించారు. ఆ మరుసటి నెలలోనే క్రైస్లర్ కార్ల సంస్థ ఖాతాలో, దాన్ని నిర్వహించే ఏజెన్సీ ఉద్యోగి అదే పొరపాటుతో డెట్రాయిట్ నగరపు డ్రైవర్లను బూతుమాటతో తిట్టాడు. అతని ఉద్యోగం పోయింది, ఏజెన్సీతో ఒప్పందాన్ని క్రైస్లర్ పొడిగించలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నది ఇక్కడ అక్షరాలా నిజం. వీలైతే వ్యాపార ఖాతాలు ఒక ఫోనులో, ఇంటి ఖాతాలు ఇంకో ఫోనులో పెట్టుకోండి. వీలు కాకపోతే వ్యాపార ఖాతాను ఒక యాప్‌లో, సొంత ఖాతాను బ్రౌజర్‌లో తెరవండి. రెండు ఖాతాల ప్రొఫైల్ ఫొటోల రంగులు దూరం నుంచే తేడా తెలిసేలా ఉండాలి, నాది ఒకటి ముదురు ఆకుపచ్చ, ఇంకొకటి తెలుపు.

ఇంత చేశాక కూడా, సొంత ఖాతాలో ఏం రాసినా ఎవరూ పట్టించుకోరనుకోవద్దు. మీరు యజమాని. ఉద్యోగి మాట తన మాట అవుతుంది, యజమాని మాట సంస్థ మాట అవుతుంది. నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2012 జులైలో, జూన్ నెలలో తమ వీక్షణ 100 కోట్ల గంటలు దాటిందని తన సొంత ఫేస్‌బుక్‌లో రాసినందుకు అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ విచారణ జరిపింది. చర్య తీసుకోలేదు గానీ, మదుపరులందరికీ ఒకేసారి అందాల్సిన ఇలాంటి సమాచారాన్ని, వాళ్లకు ముందే తెలియజేసిన ఖాతాల్లోనే పెట్టవచ్చని 2013లో స్పష్టం చేసింది. 2018 ఆగస్టులో ఈలాన్ మస్క్ తన ఖాతా నుంచి టెస్లా గురించి చేసిన ఒక్క ట్వీటుకు ఆయనా, కంపెనీ చెరి 2 కోట్ల డాలర్లు కట్టారు, ఆయన చైర్మన్ పదవి వదులుకున్నారు. మన వ్యాపారాలు అంత పెద్దవి కావు, కానీ స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్కరు చాలు. రాజకీయాలు, మతం మీద మీకు అభిప్రాయాలు ఉండకూడదని నేననను, నాకూ ఉన్నాయి. ఇంటి ఖాతాలో రాసినా, పేరుతో బయటపడితే నిలబడి సమర్థించుకోగలిగిందే రాస్తాను. ఒక కస్టమర్ గురించిన విసుగును మాత్రం ఎక్కడా రాయను, పేరు చెప్పకపోయినా సరే. చదివిన ప్రతి కస్టమర్ అది తన గురించేననుకుంటారు.

సొంత ఖాతాతో మీ సంస్థకు మీరే మంచి రివ్యూ రాసుకోవడం, చుట్టాలతో రాయించడం వద్దు. గూగుల్ నిబంధనలు సొంత వ్యాపారానికి రివ్యూ రాయడాన్ని ఒప్పుకోవు. పైగా చూసేవాళ్లకు ఇంటిపేరు కలిస్తే చాలు, మిగతా నిజమైన రివ్యూల మీద కూడా నమ్మకం పోతుంది. చెడ్డ రివ్యూకు జవాబిచ్చేటప్పుడు సంస్థ ఖాతాలో ఉన్నారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇప్పటికే కలిసిపోయినదాన్ని విడదీయడానికి తొందరపడనక్కర్లేదు, రెండు మూడు నెలలు పట్టనివ్వండి. ముందు పేజీని నింపండి, పాత పనుల్లో మంచివి పది పన్నెండు అక్కడ చేర్చండి. ఆ తర్వాత సొంత ఖాతాలో ఒక ప్రకటన పెట్టి, పేజీ లింకు ఇచ్చి, కొన్ని వారాల పాటు అదే పైన కనపడేలా ఉంచండి. పని గురించి ఎవరు సొంత ఖాతాకు మెసేజి పెట్టినా, జవాబు వ్యాపార నంబరు నుంచి ఇవ్వండి. ఎక్కువ మందికి విడిగా చెప్పాల్సిన అవసరం కూడా రాదు, జవాబు ఏ వైపు నుంచి వస్తే జనం ఆ వైపే వెళ్తారు. చివరగా ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నిటినీ ఒక్కసారిగా స్నేహితుల వరకే కుదించే సెట్టింగు ఉంది, అది వాడండి, స్నేహితుల జాబితాను కూడా వడకట్టండి. ఈ క్రమం తప్పకండి. ముందే జాబితా కోసేస్తే, వెళ్లడానికి చోటు తెలియని కస్టమర్లు మిమ్మల్ని పోగొట్టుకుంటారు.

వీటన్నిటికంటే ముందు, ఈ రోజే ఆ తమ్ముడి స్నేహితుడికి ఫోను చేయండి. పేజీ మీద పూర్తి నియంత్రణ మీ ఖాతాకు ఇవ్వమనండి. అది అందాక మీ ఇంట్లోవారిని రెండోవారిగా చేర్చండి, ఆ తర్వాత అతనికి కృతజ్ఞతలు చెప్పి అతని అనుమతి తీసేయండి. ఒకవేళ అతను ఆ ఖాతానే మరిచిపోయానంటే ఆ సంగతి ఇక్కడ రాయండి, అప్పుడు పేజీని ఎలా తిరిగి తెచ్చుకోవాలో విడిగా మాట్లాడుకుందాం.